తర్వాత తీసెయ్యాల్సిన లైను

ల్యాబు వెనక గది,
సోమవారం

పండూ,

ఫోన్ చేస్తే సగం మాటలోనే "అర్థమైంది, అర్థమైంది" అంటావు. నీకేం అర్థమైందో నాకు అర్థం కాదు. అందుకే మెయిలు రాస్తున్నాను, పొడుగైతే ఏమీ అనుకోకు.

మా నీళ్ళ పరీక్షల ల్యాబులో పాత కంప్యూటర్ ఇక ఊడ్చి పారేసే స్థితికొచ్చింది. ఆన్ చేస్తే పిండిమరలా మోగుతోంది. కొత్తది ఇచ్చారు. దానిలోకి నీ ప్రోగ్రాం ఎక్కించాను. నీకు గుర్తుందో లేదో, ఐదేళ్ళ కిందట మీ అన్నయ్య ఆపరేషనప్పుడు వచ్చి, ఒక పూట మా ల్యాబులో కూర్చుని రాసిచ్చావే, అదే. బోర్ల దగ్గరికి పట్టుకెళ్ళే మీటరు ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు, మిల్లీవోల్టులు మాత్రం దాచుకుని తెస్తుంది. నీ ప్రోగ్రాం వాటిని మనిషికి పనికొచ్చే అంకెగా మార్చి పెడుతుంది. ఆ అంకె కింద నేను సంతకం పెడతాను.

ఇప్పుడు నడపమంటే ఎర్ర అక్షరాలు వస్తున్నాయి. pandas అనే మాడ్యూల్ లేదంటోంది. సరే అని ఇన్‌స్టాల్ చెయ్యబోతే, ఇదివరకే ఉందంటోంది. మళ్ళీ నడిపితే లేదంటోంది. ఒకే కంప్యూటరు ఒక నోటితో ఉందనీ ఇంకో నోటితో లేదనీ అంటుంటే నేను ఏ నోటిని నమ్మాలి?

తొందరెందుకంటే, ఫ్యాక్టరీ వెనక క్వార్టర్స్ ఉన్నాయి. అక్కడందరికీ ఒక్కటే బోరు. దాని సర్టిఫికెట్ గడువు వచ్చే నెలాఖరుతో అయిపోతుంది. నా నివేదిక వెళ్ళకపోతే బోరుకి సీలు వేస్తారు. వాళ్ళకి వేరే నీళ్ళు లేవు.

ఇందులో నేనేదో తెలివితక్కువ పని చేసే ఉంటాను. ఎక్కడో చెప్పు చాలు.

వదిన

*

ఆఫీసు, పద్నాలుగో అంతస్తు,
మంగళవారం

వదినా,

తెలివితక్కువ పని అని నువ్వే ఒప్పేసుకున్నావు, నాకా శ్రమ తప్పించావు. సంతోషం.

ఎర్ర అక్షరాలు కనపడగానే చదవడం మానేసి భయపడడం మొదలుపెడతారు మీ సైన్సు వాళ్ళు. అది తిట్టడం లేదు వదినా, సమాచారం ఇస్తోంది. చివరి లైను చదువు. ఎప్పుడూ చివరి లైనే. ఇంతింత పెద్ద డిగ్రీలు చదివారు కదా, ఒక్క లైను చదవడానికి ఒళ్ళు బరువా?

నీ కంప్యూటర్‌లో రెండు పైథాన్లున్నాయి. ఎవరో మహానుభావుడు ఒకటి పెట్టాడు, ఇంకెవరో ఇంకొకటి పెట్టారు. ఒకే వంటింట్లో ఇద్దరు వంటవాళ్ళని పెట్టి, సరుకులన్నీ ఒకడి అలమరలో సర్ది, రెండోవాడిని వండమంటే వాడు ఏమంటాడు? ఉప్పు లేదంటాడు. నువ్వేమో మొదటివాడి అలమర తెరిచి, "అయ్యో ఇక్కడుందిగా" అంటావు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. అబద్ధం ఆడుతున్నదల్లా "నాకు కంప్యూటరు వచ్చు" అనే నీ నమ్మకం.

ఏ పైథాన్‌తో ప్రోగ్రాం నడుపుతున్నావో దాంతోనే ఇన్‌స్టాల్ చెయ్యి:

python -m pip install pandas

ఉన్నదున్నట్టు కొట్టు. మధ్యలో నీ ఆలోచనలేవీ కలపకు. మా దగ్గర నిన్నగాక మొన్న చేరిన పిల్లలు కూడా దీని మీద రెండు నిమిషాలు వెచ్చించరు. నేను నీకు ఒక పేజీ రాశాను. అన్నయ్య మొహం చూసి రాశాను.

పండు

*

ల్యాబు వెనక గది,
శుక్రవారం

పండూ,

pandas గొడవ తీరింది. వంటవాళ్ళ పోలిక బాగుంది. మీ అన్నయ్యకి చదివి వినిపిస్తే, "దానికి వంటింటి గురించి ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడు. ఇది నేనన్న మాట కాదు.

ఇప్పుడు కొత్త ఎర్ర అక్షరాలు. నువ్వు చెప్పినట్టే చివరి లైను చదివాను. marpu అనే మాడ్యూల్ లేదంటోంది. ఈసారి ఇన్‌స్టాల్ చెయ్యబోతే అలాంటిది ప్రపంచంలోనే లేదంది. అది నువ్వు రాసిన ఫైలే కదా, మిల్లీవోల్టుల్ని ఫ్లోరైడ్‌గా మార్చేది? ప్రపంచంలో లేకపోతే పోనీ, మా ల్యాబులోనైనా ఉండాలి కదా.

కంప్యూటర్లు చూసే అతన్ని అడిగితే, "ప్రోగ్రాం రాసినవాళ్ళనే అడగండి మేడమ్, మాకు ప్రింటరు వరకే" అన్నాడు. అతని నిజాయితీ నాకు నచ్చింది.

వదిన

*

ఆఫీసు,
శుక్రవారమే, భోజనాల వేళ

వదినా,

నీ మెయిలు మా టీముకి చదివి వినిపించాను. "ప్రపంచంలోనే లేదంది" దగ్గర ఒకడికి పొలమారింది.

అడగకపోయినా చెప్తాను నువ్వేం చేశావో. పాత కంప్యూటర్ నుంచి ప్రోగ్రాం ఫైలు ఒక్కటే లాక్కొచ్చి, కొత్తదాని తెర మీద ముగ్గు మధ్యలో పువ్వు పెట్టినట్టు పెట్టావు. అవునా? దాని పక్కనుండాల్సిన ఫైళ్ళన్నీ పాత ఫోల్డరులోనే ఏడుస్తున్నాయి. పైథాన్ ముందు తను నిలబడ్డ చోట వెతుకుతుంది, తర్వాత తనకి చెప్పిన దారుల్లో వెతుకుతుంది, దొరక్కపోతే లేదంటుంది. నీలాగా "ఉందేమో, లేదేమో, ఉన్నా సరైనదేనా" అని రాత్రంతా దొర్లదు. మొత్తం ఫోల్డరు తీసుకురా. మొత్తం అంటే మొత్తం.

ఇంకోటి కూడా విను. ఐదేళ్ళుగా ఒక్క పూట ఆగకుండా నడిచిన ప్రోగ్రాం అది. మీ ల్యాబులో అన్నేళ్ళు ఆగకుండా పనిచేసినది ఇంకేదైనా ఉంటే చెప్పు, గోడ గడియారంతో సహా. మా కంపెనీ ఈసారి సమాజ సేవ అవార్డుకి దాన్నే ఎంచుకుంది. మంచినీళ్ళ లెక్క ఉచితంగా రాసిచ్చిన సీనియర్ ఆర్కిటెక్ట్ అని వచ్చే నెల స్టేజి మీదకి పిలుస్తున్నారు. తెర మీద చూపించడానికి మీ ల్యాబు ఫొటో ఒకటి కావాలి. నువ్వు లేకుండా తీసి పంపు. నీ మొహంలో ఎప్పుడూ ఏదో తప్పు జరిగిపోయినట్టుంటుంది.

పండు

*

ల్యాబు వెనక గది,
బుధవారం

పండూ,

ఫోల్డరు మొత్తం తెచ్చాను. నడిచింది. ఎర్ర అక్షరం ఒక్కటి లేదు. అవార్డు సంగతి చాలా సంతోషం. ఫొటో వేరే మెయిల్లో పంపాను, నేను లేను.

అయితే ఇంకో సందేహం. వద్దు వద్దనుకుంటూనే రాస్తున్నాను.

పాతదీ కొత్తదీ ఒకేలా పనిచేస్తున్నాయా లేదా అని క్వార్టర్స్ బోరు దగ్గర మీటరు దాచుకున్న ఫైలుని రెండిట్లోనూ నడిపాను. పాత కంప్యూటరు 1.3 అంది. కొత్తది 2.8 అంది. నీళ్ళు ఒకటే, ఫైలు ఒకటే, ప్రోగ్రాము ఒకటే. హద్దు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు. అంటే పాతదాని ప్రకారం మంచినీళ్ళు, కొత్తదాని ప్రకారం పిల్లలకి పట్టకూడని నీళ్ళు.

మిగతా బోర్లవీ చూశాను. అన్నిట్లోనూ కొత్త అంకె పాతదానికి రెట్టింపు దాటే ఉంది. అయినా అవన్నీ హద్దులోనే ఉన్నాయి. దాటింది క్వార్టర్స్ బోరు ఒక్కటే.

నీకు గుర్తుందా, నువ్వు వెళ్ళిన వారానికే, ఇంకా ఏ బోరూ కొలవకముందే, మీటరు పాడైతే కొత్త మోడలు కొన్నాం. ఆ మీటరుకి తగ్గట్టు marpu ఫైలుని దిద్ది నువ్వే మెయిల్లో పంపావు. చెప్పినచోట పెట్టాను. పెట్టాక అంకెలేమీ మారలేదు. "దిద్దిన ఫైలు పెట్టినా లెక్క పిసరంత కూడా మారలేదేంటి?" అని అడిగాను. "అనుమానం నీకు పుట్టుమచ్చలాంటిది వదినా, గోకితే పోదు" అన్నావు. నేనూ అంతేననుకున్నాను.

ఇప్పుడు ఏ అంకె రాయాలి?

వదిన

*

ఆఫీసు,
బుధవారం సాయంత్రం

వదినా,

ఏదో పాడు చేశావు. ఏం చేశావో నాకు తెలీదు కానీ చేసింది మాత్రం నువ్వే. ఐదేళ్ళు బంగారంలా నడిచినది నీ చేతిలో పడ్డ పదిహేను రోజుల్లో రెండు నాలుకలతో మాట్లాడుతోందంటే తప్పు ప్రోగ్రాందంటావా? ఫైళ్ళు తెచ్చేటప్పుడు ఏదో తెరిచి ఉంటావు, ఏదో నొక్కి ఉంటావు, సేవ్ చెయ్యమంటావా అని అడిగితే మర్యాదకి సరేననుంటావు.

ఇదీ మీ అందరితో వచ్చిన చిక్కు. ప్రోగ్రాం నడవకపోతే ప్రోగ్రాందే తప్పు. నడిస్తే అంకెదే తప్పు. మీరు మాత్రం కడిగిన ముత్యాలు.

సరే, రుజువు చూపిస్తాను. రెండు కంప్యూటర్లలోనూ ప్రోగ్రాం చివర ఈ లైను పెట్టి నడుపు:

print(marpu.__file__)

marpu ఫైలుని ఎక్కడ్నుంచి తీసుకుందో పైథానే చెప్తుంది. వచ్చిన జవాబు ఉన్నదున్నట్టు నాకు పంపు. నీ పొరపాటు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తాను. ఆ తర్వాతైనా నన్ను ప్రశాంతంగా ఉపన్యాసం రాసుకోనియ్యి.

పండు

*

ల్యాబు వెనక గది,
గురువారం

పండూ,

చెప్పినట్టే చేశాను.

కొత్త కంప్యూటరు: D:\water\marpu.py
పాత కంప్యూటరు: D:\pandu_temp\marpu.py

పాతదాంట్లో ఇలాంటి ఫోల్డరు ఒకటుందని నాకు ఇవాళే తెలిసింది. తెరిచి చూశాను. అందులో ఒక్కటే ఫైలు, నువ్వొచ్చిన రోజు తారీకుతో ఉంది. మొదటి మీటరు కోసం రాసినది. నువ్వు తర్వాత దిద్ది పంపినది water ఫోల్డరులోనే ఉంది, నేను పెట్టినచోటే.

ప్రోగ్రాం కూడా తెరిచాను. ఏమీ నొక్కలేదు. పైనుంచి రెండో లైను ఇలా ఉంది:

sys.path.insert(0, "D:/pandu_temp")  # తాత్కాలికం. తర్వాత తీసెయ్యాలి

ఇది ఏం చేస్తుంది? ఉండాల్సిందేనా? నాకు అర్థం కాలేదు కాబట్టి అడుగుతున్నాను, ఇంకేం లేదు.

వదిన

*

ఇంటి నుంచి,
ఆదివారం

పూజ్యులైన వదినగారికి,

నమస్కారాలు. ఎలా ఉన్నారు? మీ నడుం నొప్పి ఎలా ఉంది? అన్నయ్య వేళకి మందులు వేసుకుంటున్నాడా? పని ఒత్తిడిలో పడి మిమ్మల్ని సరిగ్గా పలకరించనే లేదని నిన్నంతా బాధపడ్డాను. ఇన్నేళ్ళుగా ఆ ల్యాబుని ఒంటి చేత్తో లాక్కొస్తున్నారు, మీ ఓపికని మెచ్చుకోవాలి. చలికాలం కదా, మీకో శాలువా పంపాను. రంగు నచ్చకపోతే మొహమాటపడకుండా చెప్పండి, మారుస్తాను.

ఆ చిన్న విషయానికొస్తే, దానికి పెద్ద కారణమేమీ లేదండి. పాథ్ వ్యవహారం, అంతే. చాలా మామూలు సంగతి. కొత్త కంప్యూటర్‌లో కూడా అదే పేరుతో ఒక ఫోల్డరు పెట్టి, పాత ఫోల్డరులోని ఫైలుని అందులో వేసెయ్యండి. రెండు అంకెలూ కలిసిపోతాయి. నివేదికల్లో పై అధికారులు చూసేది నిలకడే కదా. ఇన్నేళ్ళు 1.3 ఉన్నది ఇప్పుడూ 1.3 ఉంటే ఎవరూ ప్రశ్నించరు, మీకూ గడువులోపల పని అయిపోతుంది, పాపం ఆ క్వార్టర్స్ వాళ్ళకీ నీళ్ళు ఆగవు.

మీ డైరెక్టరు గారికి ఇవన్నీ చెప్పి శ్రమ పెట్టకండి. టెక్నికల్ విషయాలు, ఆయనకి తల నొప్పి.

ఇట్లు,
మీ ఆడబిడ్డ

*

ల్యాబు వెనక గది,
తర్వాతి గురువారం

పండూ,

శాలువా అందింది. తిప్పి పంపుతున్నాను. రంగు బాగానే ఉంది.

పెళ్ళయి ఈ ఇంటికొచ్చినప్పటి నుంచి నన్ను నువ్వు "మీరు" అనడం ఇదే మొదలు. "వదినగారు" అని ఎవర్ని పిలుస్తున్నావా అని వెనక్కి తిరిగి చూసుకున్నాను. నా నడుం నొప్పి పోయి ఆరేళ్ళయింది. ఆ మెయిలు మీ అన్నయ్యకి చూపిస్తే, "దీనికి ఒంట్లో బాగుందా?" అన్నాడు.

నువ్వు తిడుతున్నన్నాళ్ళూ తప్పు నాదేననుకున్నాను. నిజంగానే అనుకున్నాను, నిద్రపట్టక ఏ మీట నొక్కి ఉంటానా అని ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నాను. నువ్వు మెచ్చుకునేసరికి మొదటిసారి అనుమానం నా మీద నుంచి లేచి ఇంకో చోట కూర్చుంది.

అందుకని ఒక పని చేశాను. ఫ్లోరైడ్ సరిగ్గా 2 ఉండేలా నీళ్ళు నేనే కలిపాను. ఇలాంటి నీళ్ళతో మేం తరచూ పరీక్ష చేస్తూనే ఉంటాం, కానీ ఎప్పుడూ బల్ల మీటరుతోనే. దాని తెర మీద అంకె నేరుగా వస్తుంది, ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది. ఆ నీళ్ళని బోర్ల దగ్గరికి తిరిగే మీటరులో పెట్టి, నీ ప్రోగ్రాం గుండా పంపి చూద్దామని ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టలేదు. నాక్కూడా. ప్రోగ్రాం నువ్వు రాశావు కదా, దాన్నేం పరీక్షిస్తాం అనుకున్నాం.

పాత కంప్యూటరు 0.9 చెప్పింది. కొత్తది 2.0 చెప్పింది. మూడుసార్లు కొత్తగా కలిపి చూశాను. అంతే.

కాబట్టి ఆ లైను ఏం చేస్తుందో నువ్వు చెప్పకపోయినా తెలిసింది. "మిగతా చోట్ల వెతకబోయే ముందు నా ఫోల్డరు చూడు" అంటుంది. నువ్వు వచ్చిన రోజు ఏదో పరీక్ష కోసం పెట్టుకున్నావు. తీసెయ్యాలని రాసుకున్నావు కూడా. తియ్యలేదు. తర్వాత దిద్ది పంపిన ఫైలుని పైథాన్ కన్నెత్తి చూడలేదు. ముందు దొరికిన పాతదాన్నే పట్టుకుపోయింది. కొత్త కంప్యూటర్‌లో ఆ ఫోల్డరు లేదు కాబట్టి, గత్యంతరం లేక సరైన ఫైలుని తీసుకుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి నీ ప్రోగ్రాం నిజం చెప్పింది.

మనిషన్నాక మర్చిపోతారు, అది తప్పని నేననను. కానీ ఆదివారం నాటికి నీకు అంతా తెలుసు. తెలిసే ఆ ఫోల్డరుని కొత్త కంప్యూటర్‌లో కూడా పెట్టమన్నావు. మర్చిపోయినది ఒకసారి, పెట్టమన్నది ఇంకోసారి. ఈ రెండూ ఒకటే అని నాకు నేను ఎన్ని విధాలుగా నచ్చజెప్పుకున్నా కుదరడం లేదు.

డైరెక్టరుకి చెప్పాను. "ఐదేళ్ళు 1.3 వచ్చిన బోరు ఒక్క రోజులో 2.8 ఎలా అవుతుంది? కొత్త కంప్యూటరుదే తప్పు. 1.3 రాసి పంపండి" అన్నారు. ఆయనకి నా మాట చాలదట. ప్రోగ్రాం రాసినవాళ్ళు చెప్తే వింటారట.

నాకూ ఇది తేలిగ్గా లేదు. 2.8 రాస్తే బోరుకి సీలు పడుతుంది. ట్యాంకరు పంపుతామంటారు, ఎన్నాళ్ళు పంపుతారో ఎవరికి తెలుసు. నీళ్ళు లేకపోవడం మేలా, ఈ నీళ్ళు ఉండడం మేలా అని రోజూ మనసు అటూ ఇటూ పోతోంది. కానీ ఆ సంగతి వాళ్ళతో కలిసి తేల్చుకోవాలి. అంకె మార్చేసి వాళ్ళకి తెలియకుండా మనం తేల్చెయ్యకూడదు.

నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. ఆ లైను ఏం చేస్తుందో నాలుగు ముక్కలు రాసి, కింద నీ సంతకం పెట్టి నెలాఖరులోపు పంపు. ఎవరి మీదా నేరం మోపక్కర్లేదు, నీ మీద కూడా.

వదిన

*

ఆఫీసు,
శనివారం

వదినా,

ఒక కమాండు కొట్టడం నేర్పాను, అప్పుడే న్యాయమూర్తివైపోయావు.

నేను ఏమీ రాయను. సంతకం అసలే పెట్టను. ఉచితంగా చేసిచ్చిన పని అది. అన్నయ్య మంచం మీద ఉంటే, నువ్వు అంకెలు చేత్తో లెక్కేసుకుంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, జాలిపడి చేసిచ్చాను. దానికి ఇదా నువ్వు చేసే మర్యాద? రాసిచ్చాక చూసుకోవాల్సింది మీరు. నీళ్ళు మీవి, మీటరు మీది, సంతకం నీది. నాది రెండో లైను ఒక్కటే. ఆ లైను మీద నువ్వు ఐదేళ్ళు కూర్చున్నావు, ఒక్కసారైనా కిందకి చూశావా?

1.3 అయితే ఏంటి, 2.8 అయితే ఏంటి? ఎవరైనా చచ్చిపోయారా? అక్కడి జనం ఆ నీళ్ళు తాగి పనికెళ్తున్నారు, పిల్లల్ని కంటున్నారు. నీ అంకె కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు. మా ఇంటికొచ్చినప్పటి నుంచీ నీదిదే వరస. చేతిలో పని పూర్తి చెయ్యలేక, దానికి మనస్సాక్షి అని పేరు పెట్టుకుంటావు.

మీ డైరెక్టరుకి ఉన్న ఇంగితం నీకు లేదు. నీకు పైథాన్ రాదు వదినా. రానిదాని గురించి నువ్వు మాట్లాడితే వినేవాళ్ళెవరు? వచ్చే వారం నా స్టేజి. అది అయ్యేవరకు ఈ విషయం ఎక్కడైనా వినపడిందంటే అన్నయ్యతో నేను తేల్చుకుంటాను. వాడికి నేనంటే ఏంటో నీకు తెలుసు.

పండు

*

క్వార్టర్స్ బస్‌స్టాప్ బెంచీ మీద నుంచి,
ఫోనులోనే రాస్తున్నాను

పండూ,

నీ కాగితం అక్కర్లేకుండానే పని అయింది.

డైరెక్టరుని పాత కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను. ఆ రెండో లైను ఆయన ఎదురుగానే తీసేసి నడిపాను. 2.8. మళ్ళీ పెట్టి నడిపాను. 1.3. "నన్ను చెయ్యనివ్వండి" అన్నారు. తీశారు, పెట్టారు, తీశారు, పెట్టారు, దీపం స్విచ్చు కొత్తగా చూసిన మనిషిలాగా. తర్వాత నేను కలిపిన నీళ్ళు ఆయన చేత్తోనే మీటరులో పోయించాను. నివేదికలో 2.8 వెయ్యమన్నారు. ఆ ప్రోగ్రాం రాసింది ఎవరని అడిగారు. చెప్పాను. నువ్వు నాకు ఏమవుతావో కూడా చెప్పాను. ఆయన నా వంక అదో రకంగా చూశారు, నేనేదో కావాలనే ఇంటి గొడవ తెచ్చినట్టు. చూడనియ్యి.

నాకు పైథాన్ రాదు, నిజమే. నీకు వచ్చు. ఇన్నాళ్ళూ ఆ రెండు మాటల మధ్య చాలా దూరం ఉందనుకుని, ఆ దూరానికి దండం పెడుతూ బతికాను. నీ ముందు నోరు తెరవాలంటే మాటని ముందు మూడుసార్లు లోపలే అనుకుని చూసుకునేదాన్ని. నీ శనివారం మెయిలు చదివాక తెలిసింది, నేను దండం పెట్టింది చదువుకి కాదు, ఎదుటివాళ్ళని పురుగుల్లా చూసే నీ చూపుకి. ఆ చూపే తెలివి అనుకున్నాను. "ఎవరైనా చచ్చిపోయారా" అని అడిగే మనిషిని చూసి ఇన్నేళ్ళు భయపడ్డానంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

మీ అన్నయ్యతో తేల్చుకుంటానన్నావు. మెయిలు మొత్తం చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆ క్వార్టర్స్‌లో ఎన్ని ఇళ్ళుంటాయి?" అని అడిగాడు. మరుసటి రోజు నీ ఫోన్ వస్తే ఎత్తలేదు, మోగడం ఆగేదాకా దానివంకే చూస్తూ కూర్చున్నాడు. అతనికి నువ్వంటే ఏంటో నాకు తెలుసు. అందుకే నాకది చూడబుద్ధి కాలేదు.

నిన్న బోరుకి సీలు వేశారు. ఎందుకు వేశారో వాళ్ళకి చెప్పడానికి ఆఫీసు తరఫున ఎవరూ కదల్లేదు, నేనే ఇవాళ వచ్చాను. ఇన్నేళ్ళు ఈ బోరు గురించి సంతకాలు పెట్టాను కానీ, ఈ వీధిలో అడుగు పెట్టడం ఇదే మొదలు. మీటరు పట్టుకుని మా కుర్రాళ్ళు వస్తారు, ఫైలు మా దగ్గరికే వస్తుంది కదా, మనం రావక్కర్లేదు.

ఆడవాళ్ళు చుట్టూ మూగారు. అంకెలు చెప్పబోయాను. ఒకామె, "అంకెలు మాకెందుకమ్మా? నిన్నటిదాకా మంచివేనని చెప్పింది ఎవరు?" అంది. నేనే అన్నాను. "ఇవాళ చెడ్డవని చెప్తున్నదెవరు?" నేనే అన్నాను. "అయితే రేపు వచ్చి ఇంకేం చెప్తావో చెప్పేసిపో, మళ్ళీ బస్సు చార్జీ ఎందుకు" అంది. అందరూ నవ్వారు. నీ టీము నవ్వింది కూడా ఇలాగే ఉంటుందేమో. అప్పుడు నాకు మండింది. ఇప్పుడు మండలేదు, వాళ్ళకి నవ్వే హక్కుంది.

ట్యాంకరు వచ్చింది. బిందెలన్నీ అటు పరిగెత్తాయి. ఒకామె మాత్రం కదల్లేదు. పక్కనున్న ఏడేళ్ళ కూతురి గడ్డం పట్టుకుని పైకెత్తి నోరు తెరవమంది. "పాలపళ్ళు తెల్లగా ఉండేవి. ఊడిపోయి కొత్తవి వచ్చాయి. వచ్చినప్పుడే ఇలా వచ్చాయి, చూడండి" అంది. ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు, తుప్పు పట్టిన రేకులా. "బొగ్గుతో తోమాను, ఉప్పుతో తోమాను, కొట్టి మరీ తోమించాను. సరిగ్గా తోముకోవడం లేదని రోజూ తన్నేదాన్ని. ఎప్పటికి పోతాయి?"

పోవని చెప్పాను.

ఆమె కూతురి నోరు మూసి, తల నిమిరి, ఇంకాసేపు నిమిరి, "ఈ లెక్క వేసింది మీరేనా?" అని అడిగింది. సంతకం నాది, లెక్క రాసింది మా ఆడబిడ్డ అన్నాను. నీ ఫోన్ నంబరు అడిగింది. ఇచ్చాను. ఆమె చుట్టుపక్కల వాళ్ళకి కూడా ఇస్తోంది. ఇక్కడ ఈ వయసు పిల్లలు చాలామందే ఉన్నారు.

ఒక్కొక్కరే ఫోన్ చేస్తారు. నిన్నేమీ తిట్టరు. ఎప్పటికి పోతాయని అడుగుతారు, అంతే. జవాబు ఒక్క మాట. అది చెప్పడానికి పైథాన్ అక్కర్లేదు.

వదిన